డబ్బిచ్చే పత్రికలు, ప్రచురణకర్తలు: ఎక్కడ వెతకాలి, ఏం చూసి పంపాలి

మీరు అడిగింది ఇది: కథలూ వ్యాసాలూ రాస్తున్నారు, కొన్ని వెబ్ పత్రికల్లో వచ్చాయి కూడా, కానీ పారితోషికం ఎక్కడా రాలేదు. డబ్బిచ్చేవాళ్ళని ఎలా పట్టుకోవాలి, నిజంగా ఇస్తారో లేదో ముందే ఎలా తెలుస్తుంది, రేపు పుస్తకం వేయాలంటే ఎవరిని నమ్మాలి?

డబ్బిచ్చే పత్రికల లిస్టు ఒకటి చేతికొస్తే చాలని చాలామంది అనుకుంటారు. లిస్టులకి కొదవ లేదు. ఆగిపోయిన పత్రికలు, మారిపోయిన రేట్లు, వెళ్ళిపోయిన ఎడిటర్ల ఈమెయిళ్ళు వాటినిండా ఉంటాయి. అసలు పని లిస్టు దొరికాక మొదలవుతుంది. ప్రతి పత్రిక నియమాల్లోనూ మూడు సంగతులు వెతకాలి: ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, బదులుగా ఏ హక్కులు తీసుకుంటారు. మొదటిది ఒక్కటే చూసి పంపినవాళ్ళే తర్వాత చిక్కుల్లో పడతారు.

ముందు మీ సరుకేమిటో తేల్చుకోండి, అమ్మే పద్ధతి దాన్నిబట్టి మారుతుంది. కథ, కవిత అయితే పూర్తిగా రాసి, దిద్దుకుని పంపాలి. పత్రికా వ్యాసమైతే చాలాచోట్ల రాయకముందే ప్రతిపాదన పంపాలి, దాన్నే పిచ్ అంటారు. నవల అయితే పూర్తయ్యాక ఒక పేజీ ఉత్తరం, కథాసారం, మొదటి అధ్యాయాలు పంపుతారు. కథేతర పుస్తకానికి ప్రపోజల్, రెండు మూడు నమూనా అధ్యాయాలు పంపితే చాలావరకు సరిపోతుంది. 3,000 పదాల వ్యాసం పూర్తిగా రాసేసి పత్రికలకు పంపుతూ పోతే నష్టమే. ఒక ఎడిటర్‌కి కావలసిన కోణం, నిడివి ఇంకొకరికి పనికిరావు.

కథలకీ కవితలకీ వెతికే దారి కాస్త సులువు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి సబ్మిషన్ గ్రైండర్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. చందా కట్టేవాళ్ళకి డుయోట్రోప్ ఉంది. రెండిట్లోనూ ప్రక్రియ, నిడివి, కనీస పారితోషికం ఇచ్చి వడపోసుకోవచ్చు. జవాబుకి ఎన్ని రోజులు పడుతోందో రచయితలు నమోదు చేసిన లెక్కలు కనిపిస్తాయి. అక్కడి అంగీకార శాతాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి. కథ తీసుకున్న సంగతి అందరూ నమోదు చేస్తారు, తిరిగొచ్చిన సంగతి చాలామంది చేయరు. అందుకే అసలు శాతం అక్కడ కనబడేదానికన్నా తక్కువే ఉంటుంది. పంపేముందు పత్రిక సొంత సైట్లోని నియమాలు అదే రోజు మళ్ళీ చదవండి. డేటాబేస్‌లో 'ఓపెన్' అని ఉన్న పత్రిక ముందు రోజే మూసేసి ఉండవచ్చు.

వ్యాసాలకి ఇలాంటి సిద్ధమైన అంగడి లేదు, కొంచెం పరిశోధన చేయాలి. పత్రిక వరసగా మూడు సంచికలు తీసుకుని రచయితల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిని సిబ్బంది పేర్లుండే పేజీతో పోల్చండి. సిబ్బందిలో లేని పేర్లు ఏ శీర్షికల కింద ఎక్కువగా కనబడుతున్నాయో, బయటివాళ్ళకి తలుపు తెరిచి ఉన్నది అక్కడే. కవర్ స్టోరీలన్నీ లోపలివాళ్ళే రాస్తున్న పత్రికలో కూడా ముందు పేజీల్లోని 300, 400 పదాల చిన్న అంశాలు బయటివాళ్ళ చేత రాయిస్తుంటారు. కొత్తవాళ్ళు ప్రవేశించాల్సింది ఆ చిన్న అంశాలతోనే. ప్రకటనదారుల కోసం పత్రికలు పెట్టే మీడియా కిట్ కూడా దించుకోండి. పాఠకుల వయసు, వృత్తి, అభిరుచులు అందులో ఉంటాయి. ఏ నెల సంచిక ఏ విషయం మీదో ఏడాది ముందే వేసిన పట్టిక కూడా కొన్నిట్లో ఉంటుంది. అచ్చు మాసపత్రికలు మూడు నుంచి ఆరు నెలల ముందు నుంచే సంచిక కూర్చుకుంటాయి కాబట్టి, పండగ వ్యాసం పండగ నెలలో ప్రతిపాదిస్తే ఎవరికీ పనికిరాదు.

గూగుల్‌లో 'రైట్ ఫర్ అస్' అని వెతికితే వచ్చేవాటిలో పెద్ద భాగం ఇతర సైట్లకి లింకులు అమ్ముకునే సైట్లు. అవి డబ్బివ్వవు, కొన్ని తిరిగి మిమ్మల్నే అడుగుతాయి. మీ విషయం పేరుతో 'పిచ్ గైడ్‌లైన్స్', 'కంట్రిబ్యూటర్ గైడ్‌లైన్స్', 'సబ్మిషన్ గైడ్‌లైన్స్', 'పేమెంట్' అన్న మాటలు ఇంగ్లీషులో కలిపి వెతకండి. ఇంకోటి, ఎక్కువమంది పట్టించుకోనిది: వృత్తి పత్రికలు. ఆసుపత్రి నిర్వహణ, ప్యాకేజింగ్, నీటి సరఫరా, బీమా, గిడ్డంగులు, ఇలా ప్రతి రంగానికీ తమవాళ్ళు మాత్రమే చదివే పత్రికలుంటాయి. పేరు ప్రఖ్యాతులు రావు, కానీ పోటీ తక్కువ, విషయం తెలిసి గడువుకి రాసిచ్చే మనిషి దొరికితే ఆ ఎడిటర్లు వదలరు. మీరు చేసిన ఉద్యోగం, చదివిన చదువు ఏ రంగంలోదైతే అక్కడ మొదలుపెట్టండి. సంఘాలు, విశ్వవిద్యాలయాలు, సంస్థలు సభ్యుల కోసం వేసే పత్రికలూ ఈ కోవలోవే.

ఇక నియమాలు చదవడం. ఒక పత్రిక ఇలా రాసిందనుకుందాం: 'కథకి 50 డాలర్లు, 6,000 పదాల వరకు. ప్రచురణ తర్వాత చెల్లింపు. ప్రపంచవ్యాప్త ప్రథమ ప్రచురణ హక్కులు, ఏడాది పాటు ప్రత్యేకం. ఇతర పత్రికల పరిశీలనలో ఉన్నవి పంపరాదు. జవాబుకు ఆరు నెలలు.' చూడ్డానికి డబ్బిచ్చే పత్రికే. లెక్క వేయండి. మీ కథ 5,000 పదాలైతే పదానికి ఒక్క సెంటు పడింది. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం వృత్తి స్థాయి అని చెప్పే కనీస రేటు 2019 సెప్టెంబరు నుంచి పదానికి 8 సెంట్లు. అదే కథకి 400 డాలర్లు. రేటు పక్కన పెట్టినా, ఆరు నెలలు కథ మరెక్కడికీ పంపలేరు. తీసుకున్నా ప్రచురణ ఎప్పుడో చెప్పలేదు కాబట్టి డబ్బు ఎప్పుడో తెలియదు. ఏడాది ప్రత్యేక హక్కు, అంటే ఆ కథని ఇంకెక్కడా వేయకూడదన్న షరతు, కూడా అచ్చయిన రోజు నుంచే మొదలవుతుంది. అంటే రెండు మూడేళ్ళు ఆ కథ 50 డాలర్లకి కట్టుబడిపోవచ్చు. 'అంగీకారం తర్వాత చెల్లింపు' అన్న పత్రిక కాస్త తక్కువ ఇచ్చినా నేనైతే దానికే ముందు పంపమంటాను. ప్రచురణ తర్వాత చెల్లింపు అయితే, ఇన్ని నెలల్లో వేయకపోతే హక్కులు రచయితకి తిరిగొస్తాయన్న మాట ఒప్పందంలో ఉండాలి. 12 నెలలు సబబు, 24 దాటితే ఒప్పుకోకండి.

ఫేస్‌బుక్‌లోనో సొంత బ్లాగులోనో అందరికీ కనిపించేలా పెట్టిన రచనని చాలా పత్రికలు ప్రచురితమైనట్టే లెక్కిస్తాయి. తర్వాత తీసేసినా ప్రథమ ప్రచురణ హక్కు ఖర్చయిపోయినట్టే. అభిప్రాయాల కోసం చూపించాలంటే ఈమెయిల్లోనో, చేరినవాళ్ళకి మాత్రమే కనిపించే చిన్న బృందంలోనో చూపించండి. మంచి కథలు ఇలా చేతులారా అమ్ముడుపోకుండా అయిపోవడం చూస్తే బాధేస్తుంది.

పంపే వరస కూడా ముఖ్యం. ఎక్కువ ఇచ్చి, త్వరగా జవాబిచ్చే పత్రిక నుంచి మొదలుపెట్టి కిందికి రండి. మొహమాటపడి కింది నుంచి మొదలుపెడితే మీ కథకి పైన ఎంత వచ్చేదో ఎప్పటికీ తెలియదు. ఒకే రచనని ఒకేసారి పలుచోట్లకి పంపడాన్ని కొన్ని పత్రికలు అనుమతిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. అనుమతించేచోట కూడా ఒకరు తీసుకోగానే మిగిలినవాళ్ళకి అదే రోజు చెప్పి వెనక్కి తీసుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోవడం మనవల్ల కాదు, ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టండి: రచన పేరు, పదాలు, పత్రిక, పంపిన తేదీ, వాళ్ళు చెప్పిన గడువు, ఎప్పుడు అడగవచ్చు, జవాబు, రేటు, ఇన్వాయిస్ తేదీ, డబ్బు వచ్చిన తేదీ, ఇచ్చిన హక్కులు, ప్రత్యేక హక్కు ముగిసే తేదీ. ఈ చివరి గడి చాలామంది పెట్టుకోరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

ప్రతిని నియమాల్లో అడిగినట్టే పంపండి. ఏమీ చెప్పకపోతే ఇంగ్లీషు కథలకి రచయిత విలియం షన్ రూపొందించిన ప్రామాణిక ప్రతి పద్ధతి సరిపోతుంది: 12 పాయింట్ల మామూలు అక్షరం, రెట్టింపు వరుస ఎడం, నాలుగు వైపులా అంగుళం ఖాళీ, మొదటి పేజీలో ఎడమ పక్క పేరు, చిరునామా, కుడి పక్క పదాల సంఖ్య. తెలుగు రచనైతే యూనికోడ్‌లో, వర్డ్ ఫైలుగా. వాళ్ళు అడిగితే తప్ప యూనికోడ్ కాని అను ఫాంట్లు, పీడీఎఫ్‌లు, పేజీల ఫోటోలు పంపకండి. వాటిని దిద్దడం ఎడిటర్‌కి కష్టం. రచన సొంతమనీ, అనువాదమో అనుకరణో కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం అడిగితే, నిజమైతేనే రాసివ్వండి. ఏఐ గురించి కూడా ఇప్పుడు అడుగుతున్నారు. యంత్రంతో రాయించిన కథలు వెల్లువలా వచ్చిపడటంతో 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కొన్నాళ్ళు సబ్మిషన్లే మూసేసింది. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పి దొరికితే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది.

పిచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, వ్యాసాలు రాసేవాళ్ళ సంపాదన దాని మీదే నిలబడుతుంది. 'నిద్రలేమి గురించి ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను, మీకు ఆసక్తి ఉందా?' ఇలాంటివి ఎడిటర్లకి రోజూ వస్తాయి, దేనికీ జవాబు ఉండదు. అది విషయం మాత్రమే, అందులో కథనం లేదు. దాన్నే ఇలా చూడండి: 'రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున సొంతంగా బండి నడుపుకుంటూ ఇంటికెళ్ళే నర్సులకి కునుకుపాటు పెద్ద ప్రమాదం. దీన్ని తగ్గించడానికి కొన్ని ఆసుపత్రులు డ్యూటీ తర్వాత కాసేపు పడుకునే గది ఇస్తున్నాయి, కానీ నర్సులు దాన్ని వాడటం లేదు. ఎందుకు వాడటం లేదో ఇద్దరు నర్సులు, డ్యూటీలు వేసే ఒక అధికారి, ఒక నిద్ర వైద్యనిపుణురాలి మాటల్లో చెబుతాను. నర్సులిద్దరూ మాట్లాడటానికి ఒప్పుకున్నారు. 1,200 పదాలు, మీరు సరేనన్న రోజు నుంచి మూడు వారాలు. మీ పని జీవితం శీర్షికకి సరిపోతుందని అనుకుంటున్నాను.' ఇందులో ఒక చిక్కుముడి ఉంది, దాన్ని ఎవరి ద్వారా విప్పుతారో ఉంది, ఆ మనుషులు దొరికారన్న భరోసా ఉంది, నిడివి, గడువు, శీర్షిక ఉన్నాయి. దీనికింద మీ గురించి రెండు వాక్యాలు, మీ రచనలకి రెండు లింకులు. మొత్తం 250 పదాలు దాటనక్కర్లేదు. సబ్జెక్ట్ లైన్‌లో 'పిచ్' అన్న మాట, ప్రతిపాదిత శీర్షిక ఉంటే చాలు. వ్యాసాన్ని అటాచ్ చేయకండి.

వారం, పది రోజులు చూసి ఒక్కసారి రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. అప్పటికీ మౌనమే అయితే, దీన్ని మరో పత్రికకి ఇస్తున్నానని మర్యాదగా చెప్పి ముందుకెళ్ళండి. వార్తకి ముడిపడినదైతే ఏ తేదీలోపు జవాబు కావాలో మొదటి ఈమెయిల్లోనే రాయండి.

ఎడిటర్ సరేనన్నాక సంతోషంలో చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్నలు ఉంటాయి. రేటు పదానికా, మొత్తానికా? పదానికైతే అడిగిన పదాలకా, అచ్చయిన పదాలకా? 1,500 అడిగి 900కి కుదించి 900కే ఇచ్చేచోట్లు ఉంటాయి. ఇన్వాయిస్ ఎప్పుడు పంపాలి, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్క? రాయించుకుని వేయకపోతే ఇచ్చే పరిహారం, అంటే కిల్ ఫీ, ఎంత? అది ఒప్పుకున్న మొత్తంలో నాలుగో వంతు దగ్గర సాధారణంగా మొదలవుతుంది, సగం అడగడం తప్పేమీ కాదు. ఎన్నిసార్లు తిరగరాయాలి, ప్రయాణం ఖర్చులు ఎవరివి? ఇదంతా ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత 'మనం అనుకున్నది ఇదీ' అని ఈమెయిల్లో పెట్టండి. విడిగా ఒప్పందపత్రం లేనిచోట ఆ ఈమెయిలే మీకు ఆధారం.

ఆ డబ్బుని గంటలతో భాగించి చూడండి. 600 పదాల అంశం సగం రోజులో తేలిపోవచ్చు. రెట్టింపు డబ్బిచ్చే 2,000 పదాల వ్యాసానికి ఆరు ఇంటర్వ్యూలు, వాటిని విని రాసుకోవడం, మూడు దిద్దుబాట్లు, నిజనిర్ధారణ విభాగం ప్రశ్నలు కలిసి రెండు వారాలు పట్టవచ్చు. పదం రేటు చూసి మురిసిపోయేవాళ్ళు ఇక్కడ నష్టపోతారు.

ఇన్వాయిస్‌లో నంబరు, తేదీ, వ్యాసం పేరు, అడిగిన ఎడిటర్ పేరు, మొత్తం, గడువు తేదీ, బ్యాంకు వివరాలు ఉండాలి. గడువు దాటితే ముందు ఎడిటర్‌ని కాదు, అకౌంట్స్ విభాగాన్ని అడగండి, ఎడిటర్‌కి కాపీ పెట్టండి. చాలా ఆలస్యాలకి కారణం దురుద్దేశం కాదు, కొత్త చెల్లింపుదారుగా మీ వివరాలు వాళ్ళ సిస్టంలో ఎక్కకపోవడమే. అందుకే ఆ ఫారాలు వ్యాసం ఇచ్చినరోజే నింపి పంపండి. అమెరికా సంస్థ నుంచి రాయల్టీ వచ్చే విదేశీ రచయితలు డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం ఇవ్వాలి. పన్ను ఒప్పందం వర్తిస్తుందని అందులో చూపకపోతే మామూలుగా 30 శాతం అక్కడే కోసేస్తారు. కొన్నిచోట్ల చట్టం కూడా అండగా ఉంది. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి, ఆ రాష్ట్రమంతటా 2024 ఆగస్టు నుంచి 800 డాలర్లు, ఆపైన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. తేదీ రాయకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి. బ్రిటన్‌లో 1998 నాటి చట్టం ప్రకారం ఆలస్యమైన వ్యాపార బాకీలకి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటుకి మరో 8 శాతం కలిపి వడ్డీ అడగవచ్చు. మీ పత్రిక ఉన్నచోట ఏముందో చూసుకుని, అవసరమైతే రెండో ఉత్తరంలో ఆ చట్టం పేరు ప్రస్తావించండి.

ఒప్పందంలో హక్కుల పేరా నిదానంగా చదవండి. 2001లో అమెరికా సుప్రీంకోర్టు టాసినీ కేసులో ఫ్రీలాన్సర్ల పక్షాన తీర్పిచ్చింది: అచ్చు కోసం కొన్న వ్యాసాలని అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లో పెట్టడం చెల్లదని. ఆ కేసు నడుస్తున్న కాలం నుంచీ పత్రికలు ఒప్పందాల్లోనే అన్నీ రాయించుకోవడం పెరిగింది. 'ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా' అన్న వాక్యం కనబడితే ఆడియో, అనువాదం, సినిమా, సంకలనం అన్నీ అందులో పోయినట్టే. దీనికి బదులుగా అడగాల్సింది: ప్రథమ ప్రచురణ హక్కు, ఆరు నెలలో ఏడాదో ప్రత్యేకం, ఆ తర్వాత వాళ్ళ సైట్లో ఉంచుకునే హక్కు మాత్రమే, చెప్పనివన్నీ రచయితవే. ఏఐ శిక్షణకి వాడుకోవడం గురించి ఒక్క వాక్యం విడిగా రాయించండి. నష్టపరిహారం పేరాలో ఎవరైనా ఆరోపణ చేస్తే చాలు ఖర్చంతా మీదే అన్నట్టు ఉంటే, కోర్టులో రుజువైతేనే అని మార్చమనండి. మర్యాదగా అడిగితే ఒప్పందంలో ఇలాంటి మార్పులు తరచు దొరుకుతాయి. చాలా పత్రికల దగ్గర రెండు నమూనాలు ఉంటాయి, అడగనివాళ్ళకి పంపేది మొదటిది.

పుస్తకం దగ్గరికొస్తే, అమెరికా రచయిత జేమ్స్ డి. మెక్‌డొనాల్డ్ చెప్పిన యాగ్ సూత్రం ఒకటుంది: డబ్బు రచయిత వైపే ప్రవహించాలి. ప్రచురణకర్తనని చెప్పుకుంటూ ముద్రణ ఖర్చు పంచుకోమన్నా, 200 కాపీలు మీరే కొనాలన్నా, ఎడిటింగ్ ప్యాకేజీ తీసుకోమన్నా, వాళ్ళ కొనుగోలుదారు పాఠకుడు కాదు, మీరు. సొంతంగా అచ్చేసుకోవడం తప్పు కాదు, అప్పుడు హక్కులూ రాబడీ పూర్తిగా మీవి కావాలి. ఏజెంటంటే మీ తరఫున పుస్తకాన్ని ప్రచురణకర్తలకి అమ్మిపెట్టే మనిషి; రాతప్రతి చదవడానికే రుసుం అడిగే ఏజెంటుని వదిలేయండి. ఏజెంట్ల వాటా పుస్తకం అమ్ముడయ్యాక స్వదేశీ ఒప్పందాల మీద 15 శాతం, విదేశీ వాటి మీద 20 శాతం దగ్గర ఉంటుంది. సాహిత్య పత్రికలు రచనలు పంపే సబ్మిటబుల్ అనే వేదిక ద్వారా తీసుకునే రెండు మూడు డాలర్ల రుసుం మోసం కాదు, కానీ ఏడాదికి ఇంత అని పరిమితి పెట్టుకోండి. పేరున్న సంస్థ ఎడిటర్ పేరుతో పొగడ్తల ఈమెయిల్ వస్తే ముందు అది వచ్చిన డొమైన్ చూడండి, సంస్థ సైట్లో ఉన్న చిరునామాకి విడిగా రాసి కనుక్కోండి. రచయితల్ని మోసాల నుంచి కాపాడే రైటర్ బివేర్ అనే సైటు 1998 నుంచి ఇలాంటివాటి మీదే హెచ్చరికలు ప్రచురిస్తోంది. సంస్థ పేరుతో అందులో ఒకసారి వెతకడానికి నిమిషం పట్టదు.

సరైన ప్రచురణకర్తని కనిపెట్టడానికి మంచి చోటు మీ పుస్తకం లాంటి పుస్తకాల్లోని కృతజ్ఞతల పేజీ. ఎడిటర్, ఏజెంట్ పేర్లు అక్కడ దొరుకుతాయి. గత నాలుగైదేళ్ళలో వచ్చినవే చూడండి, పాతవైతే ఆ మనుషులు మారిపోయి ఉంటారు. ఒప్పందం వచ్చాక రాయల్టీ శాతం కన్నా అది దేని మీదో ముందు చూడండి. ధర 100 ఉన్న పుస్తకాన్ని దుకాణానికి సగం ధరకి ఇస్తే, ముద్రిత ధర మీద 10 శాతమంటే మీకు 10, వచ్చిన సొమ్ము మీద 10 శాతమంటే 5. హక్కులు తిరిగొచ్చే షరతు 'పుస్తకం ముద్రణలో లేనప్పుడు' అని ఉంటే ఈరోజుల్లో దానికి అర్థం లేదు, ఈ-బుక్ ఎప్పటికీ ముద్రణలోనే ఉంటుంది. వరసగా రెండు అర్ధసంవత్సరాలు ఇన్ని కాపీల కన్నా తక్కువ అమ్ముడైతే హక్కులు వెనక్కి, అని అంకెతో రాయించండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఆ చివరి గడి ఎందుకంటే పునర్ముద్రణల కోసం. ప్రత్యేక హక్కు ముగిసిన రోజు నుంచి ఆ కథ మళ్ళీ మీ చేతికొస్తుంది. పునర్ముద్రణలు తీసుకునే పత్రికలు, సంకలనాలు, ఆడియో వేదికలు ఉన్నాయి. రేటు కొత్త రచన కన్నా తక్కువే, కానీ అదనంగా రాయాల్సింది ఏమీ లేదు. పంపేటప్పుడు మొదట ఎక్కడ, ఏ నెల సంచికలో వచ్చిందో ఉత్తరం మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇచ్చేటప్పుడు ప్రత్యేక హక్కు ఇవ్వకండి, ప్రత్యేకం కాని పునర్ముద్రణ హక్కు ఒక్కటే ఇవ్వండి. అప్పుడు అదే కథని ఇంకోచోటికీ పంపుకోవచ్చు.